సీసీ రోడ్డు మొదలు దాకా పోశారు, వేప సగం ఎండింది, కొట్టేద్దామంటున్నారు: ఏం చేయాలి?

వేపనీడ_వడ్డేపల్లి
మాది హనుమకొండలో వడ్డేపల్లి చెరువు వైపు ఒక గల్లీ. ఇంటి ముందు వేప చెట్టు ఉంది. మా మామయ్య ఈ ఇల్లు కట్టిన ఏడాది, 1986లో నాటారు. రెండు చేతులూ చాచి కౌగిలించుకున్నా నా వేళ్ళు కలవవు, అంత లావు మొదలు. రెండేళ్ళ క్రితం గల్లీకి సీసీ రోడ్డు వచ్చింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోశారు. చెట్టు చుట్టూ బెత్తెడు మట్టి కూడా వదలలేదు, కాంక్రీటు బెరడుకు అతుక్కుని గట్టిపడింది. అంతకు నెల ముందే పడమటి వైపు మురుగు కాలువ కోసం జేసీబీతో తవ్వి నా తొడంత లావు వేర్లు తెంపి పడేశారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అదే.
ఈ ఉగాదికి పచ్చడిలోకి పువ్వు కోద్దామని చూస్తే తూర్పు కొమ్మలు మాత్రమే చిగురు వేసి పూశాయి. పడమటి వైపు పువ్వు సంగతి అటుంచి ఒక్క ఆకు కూడా లేదు. గల్లీలో పద్దెనిమిది ఇళ్ళు. పదకొండు ఇళ్ళ వాళ్ళు చెట్టు కొట్టేయాలని కాగితం మీద సంతకాలు పెట్టారు. ఎండిపోయింది కదా, ఎవరి మీదైనా పడితే ఎవరు దిక్కు అంటున్నారు. నాకు సమాధానం చెప్పడం రావడం లేదు. ఈ చెట్టు బతుకుతుందా? బతికించాలంటే ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా బాధగా ఉంది.

కాజీపేట_జంక్షన్
ఫోటో పెట్టండి అక్కా. మొదలు దగ్గరిది ఒకటి, పై కొమ్మలది ఒకటి.

మానేరు_గట్టు
కరీంనగర్‌లో మా వీధిలోనూ వేపలు ఇలాగే ఎండాయి. అది వేపలకు వచ్చే తెగులు, కాంక్రీటుకు సంబంధం లేదు. కొన్నేళ్ళ క్రితం తెలంగాణ అంతా వేపలు మాడిపోయినట్టు కనిపించలేదా? మళ్ళీ అవే చిగురించాయి. ఊరికే కంగారు పడకండి.

హంటర్‌రోడ్_హరి
అందరూ చెట్టు వైపే మాట్లాడతారు కాబట్టి నేను రెండో వైపు మాట్లాడతాను. నాలుగేళ్ళ క్రితం మే నెలలో గాలివానకు మా ఇంటి ముందు పచ్చ తురాయి కొమ్మ విరిగి మా అమ్మ మీద పడింది. కుడి చేయి రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ ఆమె రొట్టె పిండి కలపలేదు. అంతకు ముందు రెండుసార్లు కొమ్మలు తీయమని కాగితం ఇచ్చాం, ఎవరూ రాలేదు. సంతకం పెట్టిన పదకొండు ఇళ్ళ వాళ్ళను చెట్టు ద్రోహులని అనుకోకండి. వాళ్ళ భయం ఉత్తది కాదు.

తంగేడు_పూలు
హరి గారూ, అమ్మ గారి సంగతి విని మనసు కలుక్కుమంది. కానీ పచ్చ తురాయి వేరు, వేప వేరు. తురాయిలు త్వరగా పెరుగుతాయి, అంతే త్వరగా విరుగుతాయి. వేప, చింత, కానుగ గాలికి ఊగుతాయి కానీ అంత సులువుగా లొంగవు.

హంటర్‌రోడ్_హరి
పచ్చి వేప లొంగదు. ఎండిన కొమ్మ ఏ చెట్టుదైనా ఒకటే.

మాజీ_బీట్
హరి అన్న మాట సరైనదే. నేను అటవీ శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. ఏటూరునాగారం, పాకాల వైపే ఎక్కువ కాలం గడిచింది. నాకు తెలిసింది చెబుతాను, కొంచెం పొడవవుతుంది.
ముందు మానేరు_గట్టు తమ్ముడి మాట. వేపకు తెగులు ఉన్న మాట నిజం. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆ తెగులు కొమ్మల కొసల నుంచి లోపలికి ఎండుతూ వస్తుంది. వానాకాలంలో మొదలై చలికాలానికి ముదురుతుంది. చెట్టంతా ఒకేలా, కొసలన్నీ మంటతో కాల్చినట్టు గోధుమ రంగులోకి మారతాయి. ఎండాకాలంలో చాలా చెట్లు వాటంతట అవే మళ్ళీ చిగురిస్తాయి. ఈ అమ్మాయి చెప్పింది అలా లేదు. ఒక పక్క పూత, ఇంకో పక్క మోడు. వేర్లు తెగిన వైపే కొమ్మలు ఎండాయి. చాలా చెట్లలో ఒక పక్క వేరు ఆ పక్క కొమ్మకే ఎక్కువగా నీరు పంపుతుంది. కనుక ఇది తెగులు కాదు, దెబ్బ.
రెండోది, బతికుందా లేదా అని చూడటం. చిటికెన వేలంత కొమ్మ మీద గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే పోయింది. కొస దగ్గర మొదలుపెట్టి కాండం వైపు వస్తూ గీకండి. ఎక్కడ పచ్చదనం మొదలవుతుందో అక్కడ గుడ్డ పీలిక కట్టండి. తర్వాత మొదలు చుట్టూ తిరిగి చూడండి. బెరడు మీద గొడుగుల్లాంటి పుట్టగొడుగులు మొలిచాయా? రాయితో కొడితే డొల్ల చప్పుడు వస్తోందా? అవి ఉంటే నేనే కొట్టేయమంటాను. లేకపోతే కొట్టనివ్వకండి.

వేపనీడ_వడ్డేపల్లి
బాబాయ్, మీరు చెప్పినట్టు మా అబ్బాయిని నిచ్చెన ఎక్కించి చూశాను. తూర్పు వైపు కొసల్లో కూడా పచ్చగానే ఉంది. పడమటి వైపు మూడు పెద్ద కొమ్మలు. ఒకటి పూర్తిగా పోయింది, కాండం దాకా గీకినా పొడిపొడిగానే రాలింది. మిగతా రెండూ సగం దాకా ఎండాయి, ఆపైన కాండం వైపు పచ్చగా ఉన్నాయి. ఎర్ర గుడ్డ పీలికలు కట్టాం. పుట్టగొడుగులు లేవు. రాయితో కొడితే గట్టి చప్పుడే. పీలికలు చూసి పక్కింటి అవ్వ చెట్టుకు ముడుపు కట్టారా బిడ్డా అని అడిగింది. అవునవ్వా అన్నాను.

కాజీపేట_జంక్షన్
ఆ ముడుపు ఫలిస్తుంది, చూడండి.

సివిల్_చేతులు
నేను చిన్న కాంట్రాక్టర్‌ను. ఇలాంటి సీసీ రోడ్లు నేనూ వేశాను, కాబట్టి ఈ పని ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. అంచనా రాసేటప్పుడు పొడవు, వెడల్పు, మందం గుణించి ఘనపు మీటర్లు తీస్తారు. చెట్టు దగ్గర ఇంత వదలాలి అని ఆ కాగితంలో ఒక గీత కూడా ఉండదు. కొలత గోడ నుంచి గోడకు. తర్వాత కొలతల పుస్తకం రాసేటప్పుడు ఎక్కడైనా పోయలేదని తేలితే ఆ మేరకు బిల్లు కోస్తారు. మేస్త్రీకి చెట్టు మీద పగ ఏమీ లేదు. వదిలేయమని ఎవరూ చెప్పలేదు, పోసేశాడు. ఈ చర్చ చదివిన తర్వాత మొన్న ఒక పనిలో రెండు కానుగల చుట్టూ నాలుగడుగుల గడి వదిలించాను. గడికి ఇటుక అంచు కట్టించాను. నాకు తగ్గిన డబ్బు రెండు బస్తాల సిమెంటు ఖరీదు కూడా కాదు.

తంగేడు_పూలు
ఈ ఒక్క పోస్టును అచ్చు వేసి ప్రతి ఇంజినీరు బల్ల మీదా పెట్టాలి.

లెక్కల_సారు
ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశం ఇచ్చింది. అక్కడ చెట్టుకు ఊపిరి కావాలంటే మన వరంగల్ చెట్టుకు అక్కర్లేదా? వినతిపత్రంలో ఈ మాట రాయండి. ఇంకొకటి, 2019 తెలంగాణ పురపాలక చట్టంలో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే కేటాయించాలని ఉంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా ఉంది. నాటిన మొక్క బతకాలని చట్టమే అడుగుతున్నప్పుడు, దాదాపు నలభై ఏళ్ళు బతికిన చెట్టును రోడ్డు పేరుతో చంపడం ఎలా కుదురుతుంది?

మానేరు_గట్టు
బాబాయ్ చెప్పింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా వీధి వేపలకు వచ్చింది తెగులే, మళ్ళీ చిగురించాయి. ఇది వేరు.
సారూ, చట్టాల సంగతి అలా ఉంచండి. మొక్కలు నాటే ప్రభుత్వ పథకం హరితహారం 2015లో మొదలైంది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. మా దగ్గర ఒకే గుంతలో మూడేళ్ళు వరుసగా నాటారు. ప్రతి జులైలో ఫోటో, ప్రతి ఏప్రిల్‌లో ఎండుపుల్ల. నాటినవాళ్ళ పేర్లు బోర్డు మీద ఉన్నాయి, నీళ్ళు పోసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు.

నీళ్ళ_ట్యాంకర్
నేను పోశాను అన్నా. రోడ్డు మధ్య మొక్కలకు రెండు ఎండాకాలాలు ట్యాంకర్ నడిపాను. అన్నీ చావలేదు. మామునూరు దారిలో నేను నీళ్ళు పోసిన కానుగలు ఇప్పుడు నా తల పైకి పెరిగాయి. ఒక్క మాట చెబుతాను. పైపుతో మొక్క మొదట్లోకి జోరుగా కొడితే మట్టి కొట్టుకుపోయి వేరు బయటపడుతుంది. పైపు చివర గోనెసంచి కట్టి, పాదు నిండేదాకా మెల్లగా వదలాలి. మాకు ఇది ఎవరూ నేర్పలేదు. ఒక మొక్క పడిపోతే చూసి నేర్చుకున్నాం.

మానేరు_గట్టు
తప్పయింది తమ్ముడూ. నీలాంటివాళ్ళను లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడాను.

ఇస్త్రీ_అంగడి
మాది నక్కలగుట్ట వైపు ఇస్త్రీ బండి. ఇరవై రెండేళ్ళు కానుగ చెట్టు కింద పెట్టుకున్నాం. రోడ్డు వెడల్పులో చెట్టు పోయింది. పైన టార్పాలిన్ కట్టాను. నీడ అదీ ఇస్తుంది, కానీ కింద నిలబడలేం. మధ్యాహ్నానికి ఆ టార్పాలినే పెనంలా కాలుతుంది, పైనుంచి దాని సెగ, ముందు నుంచి బొగ్గుల పెట్టె సెగ. కానుగ కింద ఉన్నప్పుడు మే నెలలో కూడా ఒంటి గంట దాకా పని చేసేవాడిని. ఇప్పుడు పదకొండింటికే బండి మూసి సాయంత్రం ఐదు దాటాక తెరుస్తున్నాను. రోజుకు నలభై బట్టలు తగ్గాయి. చెట్టు విలువ ఎంత అని ఎవరైనా అడిగితే నేను బట్టలు లెక్కపెట్టి చెప్పగలను.

కాజీపేట_జంక్షన్
అన్నా, ఇంతకంటే ఎవరు ఏం చెబుతారు.

లెక్కల_సారు
ఇస్త్రీ_అంగడి అన్న చెప్పినదానికి కారణం ఉంది. టార్పాలిన్ ఎండను ఆపి తాను వేడెక్కుతుంది, ఆ వేడిని కిందికి వదులుతుంది. ఆకు అలా కాదు. వేరు తెచ్చిన నీటిని సన్నని రంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని ఆకు నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. కుండలో నీరు చల్లబడటం లాంటిదే. అందుకే వేర్లకు నీరు అందకపోతే ఆ చల్లదనమూ తగ్గుతుంది. కాంక్రీటు పోసినప్పుడు ఎండేది చెట్టొక్కటే కాదు, గల్లీ కూడా వేడెక్కుతుంది.
మా బడి ముందు రెండు స్కూటర్లు నిలుపుతాం. ఒకటి చింత కింద, ఒకటి రేకుల కింద. మధ్యాహ్నం రేకుల కింద స్కూటర్ సీటు మీద చేయి పెడితే చటుక్కున తీసేయాల్సిందే. చింత కింద సీటు మీద చింతాకు రాలి ఉంటుంది, దులుపుకుని కూర్చోవడమే.

ములుగు_మలుపు
2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వచ్చిన సుడిగాలి గుర్తుందా? మేడారం దారిలో వేల చెట్లు గంటల్లో పడిపోయాయి. నేను నాలుగు రోజుల తర్వాత ఆ దారిన వెళ్ళాను. పెద్ద పెద్ద మాన్లు వేర్లతో సహా పెళ్ళగించుకుని, ఆ వేర్ల పళ్ళెం నిలువుగా మా తల కంటే పైకి లేచి ఉంది. వెడల్పు ఎంతో ఉంది, లోతు మాత్రం నడుము దాకా కూడా లేదు. చెట్టు వేరు పాతాళం దాకా పోతుందని అప్పటిదాకా అనుకునేవాడిని.

మాజీ_బీట్
ములుగు తమ్ముడు చూసింది చూసినట్టు చెప్పాడు. నీరు, గాలి తీసుకునే సన్న వేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుంటాయి. అందుకే పైన పోసిన ఆరంగుళాల కాంక్రీటు అంత పని చేస్తుంది. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. వేర్లు నరికిన చెట్టు గాలికి పడితే ఆ నేరం గాలిది కాదు.
ఇప్పుడు అమ్మాయి చేయాల్సిన పని. చెట్టు చుట్టూ కనీసం మీటరు మేర కాంక్రీటు తీయించాలి. ఎక్కువ తీస్తే ఇంకా మంచిది. కింద మట్టి గట్టిపడి ఉంటుంది, పారతో తవ్వకండి, సన్న వేర్లు తెగుతాయి. చేతి ముల్లుగోలతో రెండంగుళాలు వదులు చేస్తే చాలు. ఎనిమిది, పది రోజులకు ఒకసారి సాయంత్రం పూట, నెమ్మదిగా, లోపలికి ఇంకేలా నీరు పెట్టండి. రోజూ చెంబెడు పోస్తే లాభం లేదు. ఎండుటాకు మూడు వేళ్ళ మందం పరచండి, బెరడుకు తగలకుండా నాలుగు వేళ్ళు ఎడం వదలండి. మొదలు చుట్టూ మట్టి కుప్ప పోయకండి, బెరడు కుళ్ళుతుంది. యూరియా వేయకండి. జబ్బు మనిషికి బిర్యానీ పెట్టినట్టే అవుతుంది.

సివిల్_చేతులు
బాబాయ్ మాటకు నా వంతు. పెద్ద బ్రేకర్ మెషిన్ పెట్టకండి, దాని అదురుకు వేర్లు నలుగుతాయి. గ్రైండర్‌తో గళ్ళు గళ్ళుగా గీత కోయించి, గడ్డపారతో ఒక్కో ముక్క లేపాలి. ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. కానీ అది మీ వాకిలి కాదు, ప్రభుత్వ రోడ్డు. రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ముట్టుకోండి. గ్రైండర్ నాది ఉంది, అద్దె వద్దు.

హంటర్‌రోడ్_హరి
కాంక్రీటు తీయడం సరే. ఎండిన ఆ మూడు కొమ్మల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. వేసవి గాలివానలు ఇప్పుడే. ముందు అవి దింపండి. తర్వాత ఎన్ని నీళ్ళైనా పోయండి.

మాజీ_బీట్
హరి చెప్పింది ముందు చేయాల్సిన పని. ఎండిన భాగం తీయడం చెట్టుకూ మంచిదే. ఎలా కోయాలో చెబుతాను. బరువైన కొమ్మను పైనుంచి ఒక్క వేటుకు కోస్తే, విరిగి పడుతూ కాండం బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. ముందు కాండానికి అడుగున్నర దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు కోయాలి. దానికి కాస్త అవతల పై నుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా పడుతుంది. మిగిలిన మోడును తర్వాత తీయాలి. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక కంకణం ఉంటుంది, దాన్ని కోయకూడదు. చెట్టు గాయం మూసుకునేది ఆ కంకణం నుంచే. కోసిన చోట తారు, రంగు పూయకండి.
తల నరికి మొండెం నిలబెట్టే పద్ధతి ఒకటి ఉంది, కరెంటు తీగల కింద మనం రోజూ చూసేది. అది చేయనివ్వకండి. నరికిన చోట గుత్తులుగా మొలిచే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, నాలుగేళ్ళకు అవే విరిగి పడతాయి.

హంటర్‌రోడ్_హరి
మా పచ్చ తురాయిని అంతకు మూడేళ్ళ ముందు తీగల కోసం అలాగే తల నరికారు. అమ్మ మీద పడింది ఆ గుత్తి కొమ్మే. ఇప్పుడు అర్థమైంది.

తంగేడు_పూలు
అనుమతుల సంగతి కూడా. పచ్చి చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. పదకొండు సంతకాలు అనుమతి కాదు. ఈ మాట సంతకాలు పెట్టినవాళ్ళకు మెల్లగా, గొడవ లేకుండా చెప్పండి.

మానేరు_గట్టు
కొట్టేస్తే దాని స్థానంలో కోనోకార్పస్ అనే విదేశీ మొక్క నాటుతారు, పచ్చగా గోడలా ఉంటుందని. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటడమే నిషేధించారు.

కాజీపేట_జంక్షన్
మన రాష్ట్ర వృక్షం జమ్మి. దసరా నాడు ఆకు కోసం అందరం పరుగెత్తుతాం, ఒక్క వీధిలో అయినా జమ్మి నీడ ఉందా? ఆ ఒక్క రోజుకు కొమ్మలు విరిచి ఇళ్ళకు తెచ్చుకుంటాం. మా తాత మాత్రం ఉర్సు గుట్ట దగ్గర జమ్మి ఆకు ఐదు రెబ్బలు కోస్తే చాలు, రెమ్మ విరవకు అనేవాడు.

ములుగు_మలుపు
మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. మర్రికి అంత చేయగలిగినవాళ్ళం, గల్లీ వేప చుట్టూ మీటరు మట్టి వదలలేమా?

వేపనీడ_వడ్డేపల్లి
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. కాగితం పెట్టాం, రెండుసార్లు తిరిగాం, మూడోసారి అనుమతి వచ్చింది. వెళ్ళేముందు సంతకాలు పెట్టిన ఇళ్ళకు నేనూ మా అత్తమ్మా కలిసి వెళ్ళాం. చట్టం మాట ఎత్తలేదు. ఎండిన కొమ్మలు ముందు తీయిస్తాం, మీ భయం నిజమే అని చెప్పాం. ఏడుగురు సంతకం వెనక్కి తీసుకున్నారు. ఇద్దరు పని రోజు గడ్డపారతో వచ్చారు.
కాంక్రీటు ముక్క లేపినప్పుడు చూసింది చెబుతాను. కింద మట్టి తెల్లగా, పిండిలా ఉంది. చేత్తో ముడితే చల్లదనం లేదు. సన్న వేర్లు కిందికి వెళ్ళలేదు, కాంక్రీటుకూ మట్టికీ మధ్య ఉన్న సందులో బల్లపరుపుగా పాకి, కాంక్రీటు చెమ్మను వెతుక్కుంటున్నట్టు దాని అడుగుకు అంటుకుని ఉన్నాయి. ముక్కను తిప్పితే దాని మీద వేర్ల అచ్చు పడి ఉంది, కాగితం మీద ఆకు నరాల్లా. మా అత్తమ్మ ఆ ముక్కను పారేయనివ్వలేదు. తులసికోట పక్కన పెట్టుకుంది.
మొదటి తడి పెట్టిన రోజు నాలుగు బిందెల నీళ్ళు పోస్తే చప్పుడు చేస్తూ ఇంకిపోయాయి.

మాజీ_బీట్
మంచి పని చేశారు తల్లీ. వేరు చెమ్మ వెతుక్కుంటూ పైకి వచ్చిందంటే చెట్టు ఇంకా పోరాడుతోంది. వేసవి అంతా పది రోజులకో తడి మరవకండి.

సివిల్_చేతులు
గ్రైండర్ బ్లేడు అరిగింది. అది నా కానుక.

నీళ్ళ_ట్యాంకర్
అక్కా, మీ గల్లీకి దగ్గరగానే వస్తుంటాను. ట్యాంకులో మిగిలిన నీళ్ళు ఉంటే చెబుతాను.

వేపనీడ_వడ్డేపల్లి
మృగశిర కార్తె మొదటి రోజు. ఇల్లంతా చేపల కూర వాసన, బయట తొలకరి. తూర్పు కొమ్మల వేపపళ్ళు రాలుతున్నాయి, పిల్లలు చీకి గింజలు ఉమ్ముతున్నారు. పడమటి రెండు కొమ్మల్లో పీలికలు కట్టిన చోటికి కాస్త ఇవతల, బెరడు చీల్చుకుని చిగుళ్ళు వచ్చాయి. ఎర్రగా, గోటి కంటే చిన్నవి. లెక్కపెట్టాను, ఒక దాని మీద తొమ్మిది, ఇంకో దాని మీద నాలుగు. పూర్తిగా ఎండిన మూడో కొమ్మ ఇంకా అలాగే ఉంది. రెండుసార్లు మనిషిని మాట్లాడుకున్నాం, రెండుసార్లూ రాలేదు. గాలి వీచిన ప్రతిసారీ దాని కింది నుంచి పిల్లలను పిలుచుకుంటున్నాను.

హంటర్‌రోడ్_హరి
ఆదివారం ఉదయం ఆరింటికి నేను వస్తాను. మా బావమరిది తాటి చెట్లు ఎక్కుతాడు, రంపం పని కూడా తెలుసు, బాబాయ్ చెప్పిన కోత అతనికి చదివి వినిపించాను. మోకు మా దగ్గర ఉంది. మీరు గల్లీ రెండు కొసల్లో బండ్లు నిలపకుండా చూడండి.

మాజీ_బీట్
నేనూ వస్తున్నాను. కంకణం ఎక్కడుందో సుద్దతో గీత గీసి చూపిస్తాను.